ఆపా పోగొట్టుకున్న రెండు పళ్ళు

పోయిన నెల మా మరదలి పెళ్ళికి బట్టలు తీసుకోవడానికి రాయపూర్‌లో బట్టల బజారైన పండరీకి వెళ్ళాం. ఆడవాళ్ళు చీరల ముందు కూర్చున్నాక ఇప్పట్లో లేవరని నాకు అనుభవమే. బయటికొచ్చి, హోల్‌సేల్ కొట్ల వెనకున్న సందులోకి ఊరికే నడిచాను. ఊరికే అంటున్నాను గానీ, పిల్లలకు అరబీ నేర్పిన ఆపా ఇల్లు ఒకసారి చూద్దామనే వెళ్ళాను. ఇల్లు లేదు. ఆ జాగాలో ఒక గోడౌను లేచింది, దాని ముందు హమాలీలు బట్టల మూటలు దించుతున్నారు. "సైడ్, భయ్యా, సైడ్" అని నన్ను గోడకు నెట్టారు. కొత్త బట్టల గంజి వాసన మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ వాసన వెంట నాకు ఇంకో మూడు వాసనలు రావాలి: చెక్క పలకలకు పూసే ముల్తానీ మట్టి, అల్లం దంచి వేసిన టీ, చెమటపట్టిన పిల్లల టోపీల నుంచి వచ్చే కొబ్బరినూనె. చాలాసేపు నిలబడ్డాను. ఆ మూడూ రాలేదు.

నాది యంత్రాల పని. భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. ఏదైనా ఆగిపోతే ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెతకడం నా ఉద్యోగం. ఈ అలవాటు పాలిటెక్నిక్‌లో అబ్బిందని అందరితో చెబుతుంటాను. నిజానికి సగం అక్కడ అబ్బింది, సగం ఆ సందులో ఆపా ముందుగదిలో, ఈతాకు చాప మీద, ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను.

మా పూర్వీకులది చీరాల దగ్గర పల్లె. దూదేకుల వాళ్ళం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. నాయన రైల్వేలో వాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాలనీలో తెలుగువాళ్ళందరికీ మేం మనవాళ్ళమే. పక్కింటి సుశీలమ్మగారు ఉగాది పచ్చడి పంపేవారు, ఎదురింటి నర్సమ్మ క్రిస్మస్ కేకు పంపేది, అమ్మ రంజానుకు సేమ్యా పంపేది. చిక్కల్లా మసీదు దగ్గరే వచ్చేది. అక్కడ మేం 'ఆంధ్రావాలే'. "ముసల్మాన్ హోకే ఉర్దూ నహీ ఆతీ?" అని ఎవరో ఒకరు నాయనను అడిగేవారు, ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా అని. నాయన చెప్పులు వేసుకుంటూ, "అల్లా కో తెలుగు ఆతీ హై భాయ్, చల్ జాతా హై" అనేవాడు, అల్లాకు తెలుగొచ్చు, నడిచిపోతుందిలే అని. అరబీ చదవడం మాత్రం నాకు చిన్నప్పుడే వచ్చింది. వేసవి సెలవుల్లో తాత దగ్గరికి పోతే, తాటిబెల్లం ముక్క చేతిలో పెట్టి మరీ నేర్పాడు.

డిప్లొమా పూర్తయి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న రోజులవి. మా వరసలో చివరి క్వార్టరు వాళ్ళమ్మాయి సలీమాను ఆపా దగ్గర చేర్చారు. ఆ పిల్లకు తెలుగు తప్ప ఏమీ రాదు. ఆపా ఉర్దూలో ఏం చెప్పినా ఏడ్చేది. మూడోనాడు ఆ పిల్లను దింపడానికి వెళ్ళిన మా అమ్మతో ఆపా అందట: "మీ ఇంట్లో ఒక ఇంజినియరు ఖాళీగా పడి ఉన్నాడటగా. పంపించు." (ఆపాది ఛత్తీస్‌గఢీ కలిసిన ఉర్దూ. ఆమె మాటలు ఇక్కడ చాలావరకు తెలుగులోనే రాస్తున్నాను.) అమ్మ ఇంటికొచ్చి దుప్పటి లాగేసింది. "లెగరా మస్తానూ. ఎట్టాగూ మంచం మీద పొర్లటమేగా, ఆ పొర్లేదేదో చాప మీద పొర్లు, పుణ్యమన్నా వస్తది."

ఆపా అంటే అక్క; ఈ అక్కకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తెల్ల దుపట్టా, చేతిలో ఎప్పుడూ ఒక పలచటి వెదురు పుల్ల. ఆ పుల్ల కొట్టడానికి కాదు, అక్షరం చూపించడానికి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం పిల్లలు వచ్చేదాకా ఆ ఇంట్లో గడియారం శబ్దం తప్ప ఏమీ ఉండేది కాదు. వాళ్ళు రావడం మొదలవగానే ఆపా నడకే మారిపోయేది. టీ పొయ్యి మీద పెట్టి, పలకలు గోడకు వరసగా ఆనించి, గుమ్మంలోనే పిల్లల చేతులు తిరగేసి గోళ్ళు చూసేది. మట్టి ఉంటే వెనక్కి, పంపు దగ్గరికి.

ఆపా పద్ధతి నాకు మొదటిరోజే నచ్చింది. అందులో ఎవరి పని వాళ్ళకు విడిగా ఉంది. కొత్త పాఠం చెప్పేది ఆపా. పాత పాఠం అప్పజెప్పించుకునేది సహాయకుడు, అంటే నేను. పిల్లవాడు ముందు నా దగ్గరికి రావాలి. నిన్నటిది, మొన్నటిది, పోయిన వారానిది తప్పు లేకుండా అప్పజెప్పాలి. నేను తల ఊపితేనే ఆపా ముందుకు పోవాలి. పాతది అప్పజెప్పనివాడికి కొత్తది లేదు. జ్వరం వచ్చి లేచినవాడైనా, మసీదు కమిటీ సెక్రటరీగారి మనవడైనా ఇదే లెక్క. ఇక రెండో నియమం: కొత్త పాఠం చెప్పేటప్పుడు కళ్ళు ఖాయిదా మీద, అంటే మొదటి వాచకం మీద, ఉండకూడదు. ఆపా నోటి మీద ఉండాలి. అరబీలో ప్రతి అక్షరానికీ నోట్లో ఒక చోటుంది. గొంతు అడుగు, నాలుక మొదలు, నాలుక కొస, పళ్ళ అంచు, పెదవులు. చోటు తప్పితే అక్షరం తప్పినట్టే. "వింటే సగమే వస్తుంది. చూడండి, నా నోరు చూడండి" అని ఆపా ఒక్కో అక్షరాన్ని నోట్లోంచి తీసి చేతిలో పెట్టినట్టు పలికేది. చాప మీద ఇరవై నోళ్ళు ఆ నోరు ఎలా తెరుచుకుంటే అలా తెరుచుకునేవి.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ వదిలి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి నేను ఊరుకోలేకపోయాను. ఒక పెద్ద చార్టు మీద మనిషి తలను నిలువుగా కోస్తే ఎలా ఉంటుందో గీసి, ఏ అక్షరం ఎక్కడ పుడుతుందో బాణాలు వేసి తీసుకెళ్ళాను. ఆపా దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "పాపం, ఈయనకేమైంది?" అంది. అయినా నా మొహం చూసి గోడకు తగిలించనిచ్చింది. మర్నాడు సలీమా ఆ గోడవైపు రానని మొరాయించింది. "ఆ కోసిన తలకాయ కింద నేను కూచోను భాయ్‌జాన్. అది నాకేసే చూస్తాంది." చార్టు వారం తిరక్కుండా వంటగది తలుపు వెనక్కి పోయింది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పంపు దగ్గర నాచు మీద ఆపా కాలు జారింది. స్టీలు బిందె అంచు మూతికి తగిలి పై వరసలో ముందు పళ్ళు రెండూ పోయాయి. వాపు తగ్గగానే వచ్చి చాప మీద కూర్చుంది; కొత్త పాఠం చెప్పేటప్పుడు నన్నూ పక్కన కూర్చుని తనతోపాటు గట్టిగా పలకమంది. డాక్టరు కట్టుడు పళ్ళు చేసిచ్చాడు. ఒక్కరోజు పెట్టుకుని, నోట్లో వేరేవాళ్ళ సామాను ఉన్నట్టుందని తీసి, గాజుగిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసి అలమరాలో పెట్టింది. పిల్లలు వాటిని చూడ్డానికి గంట ముందే రావడం మొదలుపెట్టారు. కూరగాయల బండి వాళ్ళబ్బాయి ఆరిఫ్ గిన్నెకు ముక్కు ఆనించి, "ఆపా, ఎవరూ లేనప్పుడు ఇవి మాట్లాడతాయా?" అని అడిగాడు. "మాట్లాడకేం? నిన్నటి పాఠం ఆరిఫ్ అప్పజెప్పాడా లేదా అని పొద్దున్నే అడిగాయి" అంది ఆపా. ఆరిఫ్ గబుక్కున వచ్చి నా ముందు కూర్చున్నాడు.

నాకు తేడా తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. అరబీలో 'ఫా' అనే అక్షరం పై పళ్ళ అంచు కింది పెదవికి తగిలితేనే పలుకుతుంది. నాలుక కొస పై పళ్ళ అంచుకు తగలాల్సినవి ఇంకో మూడున్నాయి. ఒకరోజు సలీమా పాత పాఠం అప్పజెబుతూ 'ఫా' దగ్గర, అమ్మలు కుంపటి ఊదినట్టు, ఫూ అని ఊదింది. పళ్ళు పెదవికి ఆనించి చూపించాను. మళ్ళీ ఊదింది. తర్వాత ఆరిఫ్ వచ్చాడు. అతనూ ఊదాడు, నా ఖాయిదాలో పేజీ తిరిగిపోయేంతగా. ఇలా కాదురా అంటే, "ఆపా అయిసనే బోల్‌థే" అన్నాడు, ఆపా ఇలాగే అంటుందిగా అని. సలీమా తీర్పు కూడా చెప్పేసింది: "నీకు రాదులే భాయ్‌జాన్. నువ్వు ఆపాను అడిగి నేర్చుకో."

రెండు రోజులు ప్రతి పిల్లవాణ్నీ ఆ నాలుగు అక్షరాల దగ్గర ఆపి విన్నాను. ఆపా పడకముందు ఆ పాఠాలు దాటినవాళ్ళందరూ శుభ్రంగా పలుకుతున్నారు. తర్వాత నేర్చుకున్నవాళ్ళందరూ ఊదుతున్నారు, ఈల వేస్తున్నారు. ఒక వరసలో ఒక చోటు నుంచి అన్ని దీపాలూ మసకబారితే లోపం దీపాల్లో ఉండదు. వాళ్ళలో తెలివితక్కువవాడు ఒక్కడూ లేడు. ఆపా నోరు చూడమంది, చూశారు. ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే కమిటీ సెక్రటరీగారు వచ్చారు. పండరీలో పెద్ద బట్టలకొట్టు ఆయనది, మంచి మనిషి. మసీదు పక్కన కొత్త హాలు కట్టించారు. బల్లలు, ఫ్యాన్లు, గోడంత బోర్డు. బడులు తెరిచేనాటికి ఊళ్ళో పిల్లల క్లాసులన్నీ అక్కడికే రావాలని ఆయన ఆశ. "ఆపా, మీ క్లాసు సంగతి వేరే. మీరు పెద్దవారు. అయినా కమిటీలో కొందరు పిల్లల చదువు పాడవుతోందంటున్నారు. సెలవులయ్యేలోపు ఒక ఆదివారం వచ్చి వింటాం. బాగుంటే ఈ క్లాసు ఇక్కడే ఉంటుంది, ఎవరూ కదల్చరు" అన్నారు. నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, "నువ్వు చదువుకున్నవాడివి బేటా. హాల్లో నీలాంటివాడు కావాలి. ఆలోచించు" అని భుజం తట్టి వెళ్ళారు.

ఇంటికెళ్ళి పిల్లల 'ఫా' సంగతి, కమిటీ సంగతి రెండూ అమ్మతో చెప్పాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వింది.

"ఆమెకు తన నోటి సంగతి తెలుసంటావా?"

"తెలీదనుకుంటా. ఎవరూ చెప్పలా."

"నువ్వు చెప్పకపోతే వాళ్ళొచ్చి చెప్తారు. పదిమంది మగాళ్ళ ముందర, నీ నోట్లో పళ్ళు లేవు, దిగు అంటారు. అప్పుడు బాగుంటదా? నువ్వే చెప్పు. కానీ పోంగానే పళ్ళ మాటెత్తమాకు. ముందు అన్నం తిన్నదో లేదో అడుగు."

మర్నాడు పొద్దున, క్లాసుకు ముందే వెళ్ళాను. ఎండాకాలం ఇక్కడ ఇంటింటా బాసీ తింటారు; రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉప్పేసుకుని, మన చద్దన్నమే. ఆపా బాసీ గిన్నె ముందు పెట్టుకుని ఉంది. ఇదివరకు ఉల్లిపాయను పచ్చిగా కసుక్కున కొరికేది. ఇప్పుడు దాన్ని రోట్లో దంచుకుని కలుపుకుంటోంది. తిన్నారా అని అడగడానికి వీల్లేకపోయింది, ఎదురుగా తింటూనే ఉంది. దారంతా కూడబలుక్కున్న వాక్యాలన్నీ మరిచిపోయాను.

"ఏంటి ఇంజినియర్, మొహం అలా ఉంది? నా 'ఫా' సంగతేనా?" అంది ఆపా.

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నా నోరు నాకు తెలీదా? మొదటిరోజే తెలిసింది. నలభై ఏళ్ళుగా ఇంకొకళ్ళ నోళ్ళు దిద్దినదాన్ని." ఒక ముద్ద తిని, నెమ్మదిగా మింగింది. "కట్టుడు పళ్ళతో ఇంకా ఘోరం, ప్రతి అక్షరానికీ టకటకమంటాయి. అందుకే నిన్ను గట్టిగా పలకమని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వీళ్ళు నీవైపు చూడరు, ఏం చేయను? నీ నోరు వీళ్ళకు నచ్చలేదు."

నవ్వాలో లేదో నాకు తెలియలేదు. ఆమె నవ్వలేదు. గిన్నెలో మిగిలిన నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఈ గోల లేకపోతే ఈ ఇంట్లో నేను పొద్దెలా గడపాలిరా?" అంది. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. లేచి పలకలు వరస పెట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఏర్పాటు మారింది. ఆపా దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వెదురు పుల్లతో అక్షరం చూపించేది, నేను పలికేవాణ్ని. అడ్డం పెట్టుకున్న నోరు చూడ్డానికి లేదు కాబట్టి పిల్లలు విధిలేక నా నోరు చూశారు. పది రోజులు తిరిగేసరికి ఊదడం పోయింది, ఈల పోయింది. 'ఫా' దగ్గర సలీమా పళ్ళు కింది పెదవి మీద బుద్ధిగా కూర్చున్నాయి. కానీ ఆ పళ్ళు నాకు కనిపించడానికి పెద్ద యుద్ధమే చేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఈలోగా పిల్లలు కొత్త విషయం ఒకటి నేర్చుకున్నారు: అరబీ చదివేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఆడపిల్లలు కొంగుతో, మగపిల్లలు టోపీతో. టోపీ లేనివాడు చొక్కా కాలరు పైకి లాక్కునేవాడు. తియ్యమంటే తీసేవారు, నేను తల తిప్పగానే మళ్ళీ పెట్టేవారు. ఆపా చూసి చూసి, "వదిలెయ్. అక్షరం బాగుంది కదా" అంది.

ఆదివారం కమిటీవాళ్ళు నలుగురు వచ్చారు. ఆపా పాత పద్ధతిలోనే వాళ్ళకూ అల్లం టీ ఇచ్చి, ఒక మూల కూర్చుంది. పిల్లలు చాప మీద కూర్చుని, అందరూ ఒక్కసారిగా నోళ్ళు కప్పేసుకుని చదవడం మొదలుపెట్టారు. సెక్రటరీగారు కాసేపు చూశారు. పక్కాయనను చూశారు. "ఇదేంటి, నోటికి అడ్డమెందుకు?" అని ఆరిఫ్‌ను అడిగారు. ఆరిఫ్ టోపీ తియ్యకుండానే, "అదబ్ హై సాహబ్," అన్నాడు, అది మర్యాద అని ఆయనకే నేర్పుతున్నట్టు. పక్కాయన తెలియకుండానే తన టీ కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ గుడ్డ తీయించి విన్నారు. సలీమా చదివింది, ఆరిఫ్ చదివాడు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

నాకు గెలిచామనిపించింది. సెక్రటరీగారి మొహం వెలిగిపోయింది. "మాషా అల్లా! ఈ అక్షరాలు మీకు ఎవరు నేర్పారు?" అన్నారు. పిల్లలు అబద్ధమాడలేదు. ఎవరి నోరు చూశారో ఆ నోరు చూపించారు. ఇరవై వేళ్ళు నావైపు తిరిగాయి.

"అయితే ఇంకేం ఆపా," అన్నారాయన, నిజంగానే సంతోషంగా. "మీకు విశ్రాంతి. పిల్లలనూ ఇతన్నీ కలిపి హాల్లోకి తీసుకెళ్తాం. ఇంత మంచి నోరు ఈ సందులో ఎందుకు?"

క్లాసు నిలబెట్టడానికి మేం చేసిన మరమ్మతే క్లాసును తీసుకుపోతోంది. నేను ఏదో అనబోయాను. ఆపా పుల్ల పైకెత్తి నన్ను ఆపింది. కొంగు నోటి మీంచి తీసింది. రెండు పళ్ళ ఖాళీ అందరికీ కనిపించింది.

"తీసుకెళ్ళండి. ఫ్యాన్లు ఉన్నాయి, మంచిదే, వీళ్ళు ఎండకు వాడిపోతున్నారు. కొత్త పాఠం ఇతను చెబుతాడు. మరి పాతది ఎవరు వింటారు?"

ఆ సంగతి కమిటీలో ఎవరికీ తట్టలేదు.

"పాత పాఠం వినడానికి పళ్ళు అక్కర్లేదు," అంది ఆపా. "చెవులు చాలు. నేనొస్తాను."

మా అబ్బాయికి ఇప్పుడు ఆరేళ్ళు. అరబీ ఫోనులో నేర్చుకుంటున్నాడు. అందులో వచ్చే గొంతు చాలా శుద్ధంగా ఉంటుంది. దానికి పళ్ళూడవు, దగ్గు రాదు. సరిగ్గా పలికితే నక్షత్రాలు ఇస్తుంది, వెంటనే ముందు పాఠం తెరుస్తుంది. అప్పటి మా క్లాసు కంటే ఇది చాలా విషయాల్లో మెరుగే. పిల్లవాడు ఎండలో నడవక్కర్లేదు, గోళ్ళు చూపించక్కర్లేదు. వాడు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చున్నప్పుడు చూస్తుంటాను. ఫోనుకు ముందుకు పోవడం బాగా తెలుసు. పోయిన వారానిది మిగిలిందా, పోయిందా అని కూర్చుని వినే ఓపిక మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. మొన్న ఆ మాటే అంటే, "పాతది అయిపోయింది కదా నాన్నా, మళ్ళీ ఎందుకు?" అన్నాడు. భన్‌పురిలో ఉద్యోగం వచ్చి నేను హాలు వదిలేశాక కూడా ఆపా అక్కడ చాలా ఏళ్ళు పాత పాఠాలు వింది. నా తర్వాత వచ్చిన వాళ్ళందరూ ఆమె తల ఊపితేనే కొత్త పేజీ తిప్పారు.

హాల్లో మొదటిరోజు నాకు బాగా గుర్తుంది. కొత్త రంగు వాసన. పిల్లలు మొదటిసారి బల్లల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. ఫ్యాను గాలికి ఖాయిదాల పేజీలు వాటంతటవే తిరిగిపోతున్నాయి. ఆపా కుర్చీ వద్దని, గోడవారగా తను తెచ్చుకున్న చాప పరుచుకుని కూర్చుంది, ఆ ఇంట్లో నేను కూర్చునే చోట. నేను బోర్డు ముందు, ఆమె చోట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. సుద్దముక్క తీసుకుని మొదటి అక్షరం రాయబోయాను.

"ఆగు," అంది ఆపా.

హాలంతా ఆమెవైపు తిరిగింది.

"నీ పాత పాఠం ఎవరికి అప్పజెప్పావు?"

నవ్వుతోందేమోనని చూశాను. లేదు. పుల్లతో తన ముందు నేల చూపించింది. వెళ్ళాను. ఇరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఇరవై రెండేళ్ళ డిప్లొమా వాణ్ని, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని అలిఫ్ నుంచి మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. 'ఫా' దాటాను, పళ్ళు పెదవికి తగిలాయి, అనుమానం లేదు. దాని తర్వాతది 'ఖాఫ్'. అది నాలుక మొదట్లోంచి, గొంతుకు దగ్గరగా రావాలి. ఆపా కళ్ళు తెరిచింది.

"పైపైన అన్నావు," అంది. "లోపలి నుంచి రావాలి. మళ్ళీ."

బల్లల మీద పిల్లలు ఆనందం పట్టలేక ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. సలీమా పక్కపిల్లతో, "నే చెప్పలా, ఆయనకు రాదని," అంటోంది.

నేను అలిఫ్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను.